దిబ్బకు అవతలి సముద్రం

సరోజక్క పోయి నెల తిరగకముందే మురుగేశు మా ఇంటికి వచ్చాడు. మా గోవిందప్ప మామ మనవడు వాడు. తిరుత్తణి నుంచి ఆవడి దాకా నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడంటే అక్క కోసం పలకరింపుకే అనుకున్నాను. పలకరించాడు కూడా, ఒక లోటా మజ్జిగ తాగినంత సేపు. లోటా కింద పెట్టి మూతి తుడుచుకున్నాక అసలు పని బయటికి తీశాడు.

"పెద్దమ్మా, మా వాకింగు సంగానికి ఒక పుస్తకం వేస్తా ఉండాము. తాత గురించి నువ్వు నాలుగు మంచి మాటలు రాసియ్యాల. మన వీధిలో నీ మాదిరి తెలుగు రాసేవాళ్ళు ఇంకెవురుండారు? మా పిల్లోళ్ళకు తమిళమే వస్తుంది" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "ఆ కాలంలోనే ఆడోళ్ళను సముద్రం ఒడ్డున నడిపించిన మనిషి గదా తాత! ఇప్పుడు మా సంగంలో ఆడోళ్ళు కూడా ఉండారు. అంతా ఆయన ఆశయమే. సరోజ పెద్దమ్మ కూడా ఆ ట్రిప్పుకు పోయిండె గదా? ఆమె కలిపిన పులిసాదం గురించి మా నాయన సచ్చేదాకా చెప్తానే ఉండె."

పులిహోర! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మనిషి పోయి నెల కాలేదు, ఆమె బతుకులో వీళ్ళకు మిగిలింది పులిహోర. అయినా ఇంటికి వచ్చినవాణ్ణి తిట్టి పంపే అలవాటు మా అమ్మ మాకు నేర్పలేదు. రాసిస్తాను, వెళ్ళిరా అన్నాను. వాడు సంతోషంగా బండి అందుకోవడానికి పోయాడు. రాస్తున్నాను. ఇవి మంచి మాటలో కావో వాళ్ళే చూసుకోవాలి.

తిరుత్తణి కొండకు ఈ పక్కన మా వీధి. అన్నీ మగ్గాల ఇళ్ళే. పొద్దు పొడవకముందే మా వీధికి తెల్లవారేది. నేయబోయే పడుగును, అంటే చీర నిలువు దారాలను, వీధి పొడుగునా సాగదీసి కట్టి, దానికి గంజి పట్టించాలి. ఎండ ముదిరితే గంజి బిగుసుకొని దారాలు అట్టలు కట్టేస్తాయి, అందుకే చల్లపొద్దున ఆ పని ముగించాలి. ముందురోజు కాచిన గంజి పులిసి ఒక వాసన వచ్చేది. ఇప్పటికీ యే ఇంట్లోనైనా అన్నం వార్చిన గంజి మర్చిపోయి పెడితే ఆ వాసనకు నేను మా వీధిలో నిలబడిపోతాను. గంజి కాచేది ఆడవాళ్ళు. వెడల్పాటి కుంచెలు పట్టుకొని పడుగుకు ఈ వైపొకరు ఆ వైపొకరు, ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు నడిచేది కూడా ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ పని కాగానే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే సందెవేళ దాకా కాళ్ళు తొక్కుతూనే ఉండాలి. మా అక్క పద్నాలుగేళ్ళప్పుడు ఆ గుంటలో దిగింది. ఆమె వేసిన అంచు చూసి, ఇది సరోజ చెయ్యి అని కాంచీపురం వ్యాపారులు గుర్తుపట్టేవాళ్ళు.

గోవిందప్ప మామ మా అమ్మకు దాయాది వరసలో అన్న. వీధిలో సగం మగ్గాలకు నూలు ఆయన చేతిమీదుగానే రావాలి, నేసిన చీరలు ఆయన చేతిమీదుగానే పోవాలి. ఉదయం అరుగు మీద కూర్చొని వక్కాకు నములుతూ మా నడకంతా చూసేవాడు. ఆయన భార్య మంగత్త వెనకాల చెంబుతో నీళ్ళు పట్టుకొని నిలబడేది, ఆయన ఎప్పుడు ఉమ్మి నోరు పుక్కిలిస్తాడో అని. ఒకసారి డాక్టరు, చక్కెర రోగం ఉంది, నడవాలి అన్నాడు. ఒక్కడే నడిస్తే జనం రోగిష్టి అనుకుంటారని మామ తన ఈడు మగవాళ్ళను ఒక ఏడెనిమిది మందిని కూడగట్టాడు. అదీ వాకింగు సంగం పుట్టుక. దీన్నే ఇప్పుడు ఆశయం అంటున్నారు.

అమావాస్యనాడు మావాళ్ళు మగ్గం ముట్టరు. అడ్డదారం వేసే నాడె పట్టుకుంటే పాపమని నమ్మకం. ఆ ఒక్కరోజే వీధి మొత్తానికి సెలవు. కాబట్టి సంగం నడక కూడా అమావాస్యకే. కొంత దూరం బండిలో పోయి, అక్కణ్ణుంచి రైలుపట్టాల పక్కన తిరువళ్ళూరు గుడి దాకా నడిచి, దర్శనం చేసుకొని, వచ్చేటప్పుడు బండెక్కి వచ్చేవాళ్ళు. పోయేటప్పుడు మూటలు కట్టిచ్చేది ఆడవాళ్ళు. వచ్చాక ఆ మహానుభావుల కాళ్ళకు వేడినూనె రాసేదీ ఆడవాళ్ళే. మాకు సెలవు యేనాడని అడిగినవాళ్ళు లేరు.

ఒక యేడు శనాదివారాల వెనకాలే సోమవారం అమావాస్య కలిసొచ్చింది. ఆ రెండు రోజులూ మగ్గాలు ఆపేస్తే మూడు రోజులు చేతికొస్తాయి, ఈసారి సముద్రం ఒడ్డున నడుద్దాం, ఎన్నూరు నుంచి పళవేర్కాడులో, అదే పులికాట్‌లో, ఓడలకు దారి చూపే దీపస్తంభం దాకా పోదాం అని మామ చాటించాడు. మద్రాసు మాకు రెండు గంటల బండి ప్రయాణమే, అయినా మా వీధిలో ఆడవాళ్ళెవరూ సముద్రం మొహం చూసినవాళ్ళు కారు. పడుగుకు గంజి పట్టిస్తున్న అక్క కుంచె ఆపకుండానే అడిగింది.

"మామా, మేమూ వస్తాము."

"మీరా? అంత దూరం ఆడోళ్ళు నడవగలరామ్మే?"

"పొద్దున్నుంచి ఈ పడుగెంట నేను నడస్తానే ఉండా. నువ్వు అరుగు మీద కూసోని చూస్తానే ఉండావు. నడవలేంది ఎవురు మామా?"

వీధంతా గొల్లున నవ్వింది. మామ కూడా నవ్వాడు. నవ్వక చేసేదేముంది, అంతమంది ముందు. "సరే రాండి. సముద్రమేమన్నా నా సొత్తా" అన్నాడు. ఆ మాట పట్టుకొని అక్క ఎంత సంబరపడిందో! చేతిలో ఉన్న చీర అమావాస్య లోపల నేసి మగ్గం నుంచి కోసేయాలని రోజూ చీకటితోనే గుంటలో దిగేది. నీలం వార్ల హవాయి చెప్పులు కొనుక్కుంది, ఆమె మొదటి చెప్పులు అవి. ఇంట్లోనే తొడుక్కొని అటూ ఇటూ నడిచి చూసుకొనేది. అప్పుడు నేను తిరుత్తణిలో చదువు ముగించి టైపు నేర్చుకుంటున్నాను. నన్ను కూర్చోబెట్టుకొని, సముద్రం చప్పుడు చేస్తుందంట గదా, ఒడ్డున నడిస్తే నీళ్ళు కాళ్ళకు తగుల్తాయంట గదా అని అడిగేది. నాకేం తెలుసు? ఔనక్కా అనేదాన్ని.

శనివారం పొద్దున బండెక్కి, బేసిన్ బ్రిడ్జి దగ్గర మారి, ఎన్నూరులో దిగాం. మగవాళ్ళు ఎనిమిది మంది, అందులో అక్క మొగుడు, ఆవడి ఫ్యాక్టరీలో పనిచేసే మా బావ కూడా ఉన్నాడు. ఆడవాళ్ళం ముగ్గురం, అక్క, మంగత్త, నేను. కాలువ ఒడ్డున ఒక పడవ కట్టి ఉంది. మామ ముందే మాట్లాడిపెట్టాడన్నమాట. బియ్యం మూట, గిన్నెలు, కట్టెలు అందులోకి ఎక్కించాక మా వైపు తిరిగి, "ఊ, మీరూ ఎక్కండి" అన్నాడు.

"నడిచేదానికి గదా మామా వచ్చింది?" అంది అక్క.

"ఎవురు వద్దన్నారు? మీరు ముందర పోయి వంట చేసి పెట్టండి. వంటయినాక నడవండి, యాడికి కావాలంటే ఆడికి నడవండి."

అక్క బావ మొహం చూసింది. బావ చెడ్డవాడు కాదు. చెడ్డవాడు కాకపోతే చాలదని నాకు ఆరోజే తెలిసింది. "సుమ్మా ఉండు సరోజా, ఊరుకో. పెద్దాయన చెప్పినాడు గదా" అన్నాడు. చేతికర్రలు ఊపుకుంటూ అందరూ ఇసుకలో పడి సముద్రం వైపు వెళ్ళిపోయారు.

ఆ కాలువ సముద్రానికి పక్కనే, దాని వెంటే ఉత్తరంగా పోతుంది. రెండింటికీ నడుమ ఇసుక దిబ్బలు, సరుగుడు తోపులు. పడవవాడు గడ వేస్తుంటే మేం గిన్నెల నడుమ కూర్చొని పోయాం. దిబ్బకు అవతల సముద్రం హోరు వినిపిస్తూనే ఉంది. గాలి ఉప్పగా మొహానికి కొడుతూనే ఉంది. కనిపించేది మాత్రం కాలువలో కదలని నీళ్ళు, గట్టున ఎండబెట్టిన చేపలు, వాటిమీద ఈగలు. రెండు రోజులు అదే బతుకు. తాగేనీళ్ళకు ఇసుకలో చెలమ తవ్వాలి. గాలికి పొయ్యి మండదు, మండితే పొగ కళ్ళల్లోకే. పొద్దు నెత్తికెక్కే వేళకు మగవాళ్ళు దిబ్బ దిగి వచ్చేవాళ్ళు, అల ఇంత ఎత్తు లేచింది, ఇంత పెద్ద శంఖం దొరికింది అని చెప్పుకుంటూ తినేవాళ్ళు, తోపులో గుర్రు పెట్టి నిద్రపోయేవాళ్ళు, లేచి పోయేవాళ్ళు. మేం గిన్నెలు తోమి మళ్ళీ పడవెక్కేవాళ్ళం. అక్క రెండు మార్లు చెప్పులు తొడుక్కొని దిబ్బ ఎక్కబోయింది. మొదటిసారి సగం ఎక్కిందో లేదో "సరోజా, కాపీ" అని మామ కేక. రెండోసారి రసంలో ఉప్పు చాలలేదని కేక. ఆ రెండో కేకకు ఆమె దిబ్బమీదే ఒక నిమిషం నిలబడింది. తర్వాత దిగి వచ్చి ఉప్పు వేసింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ఉప్పు తలుచుకుంటే నా పళ్ళు పటపటమంటాయి.

మూడోరోజు అమావాస్య. మగవాళ్ళు తెల్లవారగానే సముద్రస్నానం చేసి, పెద్దలకు నీళ్ళు వదిలి, అక్కణ్ణుంచి దీపస్తంభం దాకా నడవాలని లెక్క. మేం చీకటితో లేచి పులిహోర కలపాలి. అదే, ఆ చరిత్రకెక్కిన పులిహోర. తర్వాత జరిగింది మేం చూసింది కాదు, బావ చెప్పింది. పంచెలు, చొక్కాలు, చెప్పులు, మూటలు అన్నీ ముందురోజు అల అందని పొడి ఇసుకమీదే కుప్పగా పెట్టి వీళ్ళు నీళ్ళలో దిగారట. చేపలు ఎండబెట్టుకొనే ఒక ఆవిడ చూసి, "అమావాసై అయ్యా, కడల్ ఏరుం" అని కేకేసిందట, ఈరోజు సముద్రం పైకెక్కుతుంది, గుడ్డలు మెరక మీద పెట్టుకోండి అని. మామ నవ్వి, "అమావాస్య మాకు సెలవమ్మా, ఈపొద్దు అన్నీ ఊరికే ఉంటాయి" అన్నాడట. మగ్గం ఆగింది గనక సముద్రం కూడా ఆగుతుందనుకున్నాడు మహారాజు! తన నూలు మీద బతికే వీధిలో అన్నీ తన మాట వినేవి మరి. పెద్దలకు నీళ్ళు వదిలి కళ్ళు తెరిచేసరికి ఒక అల వచ్చి కుప్పనంతా నాకేసుకొని పోయింది.

మేం గరిటెతో అన్నం తిప్పుతున్నాం. దిబ్బమీద ముందు తలలు కనిపించాయి, తర్వాత మనుషులు. ఒక్కొక్కరి ఒంటిమీద ఒక్కో తడితువాలు, అంతే. ఊరందరికీ గుడ్డలు నేసిచ్చే కులం, నడుముకు రెండు చేతులు అడ్డం పెట్టుకొని పరుగెత్తి వస్తోంది. మంగత్త మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని చూస్తే, భుజాలు కదిలిపోయేటట్టు నవ్వుతోంది.

"అన్నీ ఎత్తకపోయింది మే సముద్రం! అన్నీ!" అని అరిచాడు మామ. "ఏమన్నా ఉంటే ఇయ్యి కట్టుకునేదానికి!"

అత్త తన మారుచీర తీసి ఇచ్చింది. ఎర్రంచు చీర. మామ దాన్ని పంచెలాగా చుట్టుకున్నాడు. మిగిలినవాళ్ళు బియ్యం గోతాం, దుప్పటి, దొరికింది చుట్టుకున్నారు. చేపలవాళ్ళ కుప్పాల నడుమ ఈ గుడ్డలతో నడిస్తే పరువు దక్కదు, అందరం పడవలోనే పోదాం అన్నాడు మామ. ఇంతమందిని ఈ పడవ మొయ్యదు అన్నాడు పడవవాడు. మామ మా వైపు చూశాడు.

"మీరు నడిచి రాండి."

"మేమా?" అంది అత్త.

"నడవాల నడవాల అని గోల చేస్తిరి గదా! పోండి, నడవండి. దీపస్తంభం కాడ ఉంటాము."

అక్క గరిటె అక్కడే పడేసింది. చెప్పులు చేత్తో పట్టుకొని దిబ్బ ఎక్కేసింది, ఈసారి కేక వేసేవాళ్ళు లేరు. వెనకాలే అత్త, నేను. దిబ్బ కొసన అక్క ఆగిపోయింది. నేను పక్కకు వచ్చి చూశాను. ఆ నీళ్ళకు అంతం లేదు. నీలంగా, లేచి లేచి పడుతూ, ఎండకు తళతళమంటూ అంతటా అదే. అక్క, "అబ్బా" అంది. కిందికి దిగి తడి ఇసుకమీద నడక మొదలుపెట్టింది. ఉత్తరంగా పోతున్నాం కాబట్టి సముద్రం కుడిచేతి పక్కన. అల వచ్చి పాదాలు తడిపినప్పుడల్లా ఆగి, అది పోయాక నడిచేది. కాసేపటికి ఆగడం మానేసింది. కొంతదూరం పోయాక చూస్తే ఆమె కుడిచెయ్యి తనకు తెలియకుండానే ముందుకూ వెనక్కూ ఆడుతోంది, పడుగుకు కుంచె వేస్తున్నట్టు.

మంగత్త అంతసేపూ ఊరికే వచ్చింది. మనుషులెవరూ లేని చోట హఠాత్తుగా నిలబడి, సముద్రం వైపు తిరిగి, "ఒరే గోవిందప్పా!" అని గొంతు చించుకొని అరిచింది. నేను అదిరిపోయాను. మొగుడి పేరు నోట పలికితే ఆయుష్షు తగ్గుతుందని, రేషన్ కార్డు ఆఫీసులో కూడా పేరు చెప్పలేక మావైపు చూసే మనిషి ఆమె. "ఒరే గోవిందప్పా, నా చీర తెచ్చి ఇయ్యిరా!" అని మళ్ళీ అరిచింది. ముగ్గురం ఇసుకలో కూలబడి కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాం. నా బతుకులో అంత నవ్వు నేను మళ్ళీ నవ్వలేదు.

ఎండ ముదిరింది, ఇసుక కాలింది, చెప్పులున్నా పాదాలు బొబ్బలెక్కాయి. కుప్పంలో ఒక ఇంటివాళ్ళు నీళ్ళిచ్చారు. దీపస్తంభం చేరేసరికి పొద్దు వాలింది. రేవులో మగవాళ్ళు ఎవరివో లుంగీలు అడిగి కట్టుకొని, నీడలో కాళ్ళు చాపుకొని ఉన్నారు. పులిహోర గిన్నె అడుగంటా నాకేసి ఉంది. మాకోసం ఒక ముద్ద లేదు. "వచ్చినారా? గిన్నెలు తోమి ఇయ్యండి, పడవవాడు పోవాల" అన్నాడు మామ. ఆ మనిషి గురించి నన్ను మంచి మాటలు రాయమన్నారు!

తిరుగు బండిలోనే ఆయన నోటినుంచి పడవ మాయమైపోయింది. పక్కన కూర్చున్న ఎవరికో, ఎన్నూరు నుంచి దీపస్తంభం దాకా ఒక్క అడుగు తగ్గకుండా నడిచినాము, ఆడోళ్ళు పాపం పడవలో వచ్చినారు అని చెప్తున్నాడు. మిగిలిన మగవాళ్ళు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, మా బావతో సహా. మరునాడు అరుగు మీద కూర్చొని అదే కథ వీధికంతా చెప్పాడు. అక్క పడుగు పక్కన కుంచెతో ఉంది.

"మామా, కడరోజు నడిచింది మేము గదా. మీరు పడవలో వస్తిరి గదా" అంది, మామూలుగా, ఉన్నమాట చెప్పినట్టు.

ఈసారి వీధి నవ్వలేదు. మామ కూడా నవ్వలేదు. వక్కాకు ఉమ్మి లోపలికి పోయాడు.

ఆ వారం అక్కకు నూలు రాలేదు. పై వారమూ రాలేదు. బావ అడగబోతే మామ చెప్పిన మాట ఇది: "నా మాటకు ఎదురు చెప్పిన చేతికి నా నూలు లేదు. అరుగు ముందర నిలబడి, నేను పడవలోనే వస్తిని అని ఒక్క మాట చెప్పమను. రేపే నూలు పంపిస్తా." బావ ఇంటికి వచ్చి, ఒక్క మాటే గదా సరోజా, చెప్తే నీకేం పోతుంది అన్నాడు.

"నేను నడిచింది పోతుంది" అంది అక్క.

చెప్పలేదు. నెలలు గడిచినా చెప్పలేదు. మామకు కోపమొస్తుందని మరెవరూ ఆమెకు నూలు ఇవ్వలేదు. మంగత్త అరుగు వెనకాల చెంబు పట్టుకొని తలవంచుకొని నిలబడేది. ఆమెను నేనేమీ అనను, ఆ ఇంట్లోనే ఆమె బతకాలి. అక్క మగ్గానికి బూజు పట్టింది. చివరికి గుంట పూడ్చి పైన సిమెంటు చేయించాడు బావ. కాంచీపురం వ్యాపారులు గుర్తుపట్టిన ఆ చేతులు రాట్నం ముందు కూర్చొని ఊళ్ళోవాళ్ళకు కూలికి కండెలు చుట్టాయి, కళ్ళు కనిపించినన్నాళ్ళూ. ఇక సంగంలోకి ఆడవాళ్ళు రాకూడదని మామ కట్టడి చేశాడు. ఆడోళ్ళు తోడొస్తే సముద్రమే లేస్తుంది అని దానికొక శాస్త్రం కూడా చెప్పాడు. ఆయన బతికున్నంతకాలం ఆ కట్టడి నిలిచింది. ఆడోళ్ళను నడిపించిన మనిషట!

ఇప్పుడు మా వీధిలో పడుగు సాగదీసేవాళ్ళు లేరు. అక్కడ మోటారుసైకిళ్ళు నిలబెడుతున్నారు. మురుగేశు సంగంలో అందరికీ ఒకే రంగు బనియన్లు, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారాలు. ఆడపిల్లలు బూట్లు తొడుక్కొని ముందు నడుస్తున్నారు, చూస్తే కడుపు నిండుతుంది. ఆ పిల్లల మీద నాకే కోపమూ లేదు. మేం నడిచిన తీరంలో మాత్రం ఇప్పుడు రేవుల గోడలు, కంచెలు, బొగ్గు ధూళి. అటువైపు పోవాలంటే కాపలావాళ్ళు ఆపుతారు. ఆ దారిన మళ్ళీ ఎవరూ నడవలేరు.

రెండేళ్ళ కింద అక్కను ఆస్పత్రికని ఆవడికి పిలిపించుకున్నప్పుడు, కారులో మెరీనాకు తీసుకుపోతాను రా అన్నాను. మోకాళ్ళు అప్పటికే మడతపడడం మానేశాయి. "కారులో కూసోని చూసేదానికి నాకెందుకే సముద్రం" అంది. నిద్రపోయిందనుకుంటే మళ్ళీ కళ్ళు తెరిచింది.

"నేను ఆ మాట చెప్పలేదు గదా పాపా?"

"లేదక్కా. చెప్పలేదు."

"ఊ" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మురుగేశూ, నువ్వు అడిగిన మంచి మాటలు ఇవిగో. వేస్తే మీ పుస్తకంలో మొదటి పేజీలో వెయ్యి, లేదంటే పుస్తకమే మానుకో. మీ తాత మీ అవ్వ చీర చుట్టుకొని పడవలో వచ్చినాడు. మా అక్క నడిచి వచ్చింది.